గోనె బరువు

జాహెదాన్ కోర్టు గేటుకెదురుగా, గోడ నీడలో
నా బల్ల. మూడు కాళ్లు దానివి, నాలుగోది ఇటుక.
ఇరవై రెండేళ్లుగా
ఊరివాళ్ల ఏడుపుని ఫార్సీలోకి దించి
పేజీకింతని పుచ్చుకుంటున్నాను.

గ్రానాజ్ సరావాన్ నుంచి రాత్రి బస్సులో వచ్చింది.
గౌను ముందు కుట్టుపని చేసిన పెద్ద జేబు,
జేబులో కొడుకు తీర్పు, నాలుగు మడతలు.
"చదువు" అంది.
దిల్‌మురాద్. ఇరవై మూడేళ్లు. నీలం పికప్ బండి.
నల్లమందు, యాభై ఒక్క కిలో.

యాభై దాటితే ఉరి.
లోపలైతే జైలు.
పాతదానికన్నా ఈ చట్టం దయగలదని
ఇక్కడ అందరూ ఒప్పుకుంటారు,
నేను కూడా.

తలెత్తకుండా అడిగింది:
"గోనెలతో తూచారా, గోనెలు విప్పి తూచారా?"

కలం ఆగింది.
మూడు గోనెలు. జనపనారవి.
ఒక్కోటి అరకిలోకి తగ్గదు.
మా నాన్న ఖర్జూరాలమ్మేవాడు, నాకు తెలుసు.
తీర్పులో గోనెల ఊసే లేదు.

నాకు అక్షరాలు నేర్పిన ముల్లా అబ్దుల్ వాహెద్
ఒకమాట తరచూ చెప్పేవాడు:
తీర్పరీ, పొరపడక తప్పకపోతే
వదిలెయ్యడంలో పొరపడు.
ఇసుక రేణువంత సందేహం దొరికినా
దాని చాటున ఒక మనిషిని దాచు.
అది రాశాను. మొదటి పేజీ అయింది.

హత్యయితే నాకు దారి తెలుసు.
నిరుడు ఇదే జైలు గోడ వెనక
ఒక తల్లి బల్ల ఎక్కి
తన బిడ్డని పొడిచినవాడి మెడలోంచి
తాడు తానే తీసింది.
నెత్తుటికి వారసులుంటారు.
పెద్దల్ని పంపొచ్చు, గొర్రెల్ని తోలొచ్చు,
నలభై రోజులు వాళ్ల గుమ్మంలో కూర్చోవచ్చు.
నల్లమందుకి వారసులెవరు?
భూమ్మీద కల్లోలం రేపాడని తీర్పు.
"భూమి గుమ్మం ఎక్కడ?" అంది గ్రానాజ్.

వెతికింది.
వెతికి వెతికి షీరాబాద్ సందుల్లో
ఫర్ఖొందే అనే ఆమె ఇల్లు పట్టుకుంది.
ఆమె పెద్దవాడు మరుగుదొడ్లో దొరికాడు,
మోచేతి మడతలో సూదితో.
ఫర్ఖొందే టీ పోసింది, చక్కెర గడ్డ పెట్టింది.
"నేను క్షమించను" అంది.
గ్లాసులు ఖాళీ అయ్యాక,
"ఉరి తియ్యమనీ నేను అడగలేదు.
నన్నెవరూ ఏమీ అడగలేదు."
ఆ మాటలు ఏ గడిలో రాయాలో తెలీక
అరచేతిలో రాసుకున్నాను.

టెహ్రాన్ నుంచొచ్చిన కుర్ర లాయరు
సంచీలోంచి ఓ కాగితం తీశాడు.
మన దేశమూ సంతకం పెట్టిందట.
ప్రాణం తియ్యాలంటే నేరం
అన్నిటికన్నా ఘోరమైందై ఉండాలట.
బలూచీలో చెప్పాను.
"ఘోరం ఎన్ని కిలోలు?" అంది గ్రానాజ్.
లాయరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు,
మళ్లీ తుడుచుకున్నాడు.

ముల్లా దగ్గర నేర్చుకున్న ఇంకొక మాట తాజీర్.
తీర్పులో దానికి శిక్ష అని అర్థం.
ఆయన చెప్పిన పాత అర్థం, దిద్దడం.
నా అలిఫ్ వంకరపోతే
వేలు పట్టి దిద్దేవాడు.
పలక ఎప్పుడూ పగలగొట్టలేదు.

మూడో పేజీ చివర ఇంతే రాశాను:
గోనెలు విప్పి మళ్లీ తూచండి.
ఆమె వేలిముద్ర వేసింది,
సిరా మరక జేబు కుట్టుకి అంటింది.

పదకొండు వారాలకి జవాబు.
సరుకు నిరుడే తగలబెట్టేశారు,
నిబంధనల ప్రకారం,
గోనెలతో సహా.

మొన్న బుధవారం ములాఖత్ నుంచి నేరుగా
నా బల్ల దగ్గరికే వచ్చింది.
చిక్కిపోయాడంది.
కొత్త గదికి మార్చే ముందు తూచారంది.
యాభై రెండు కిలోలు.

బట్టలతోనా, విప్పా అని
నేను అడగలేదు.